రెండు వారాలాగి మళ్లీ రండి

గర్భిణికి స్కాన్ చేస్తున్న మనిషి ఉన్నట్టుండి మాటలు ఆపేస్తే చాలు, బల్ల మీద పడుకున్నావిడ గుండె జారిపోతుంది. అప్పటిదాకా ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు అని చూపించినవాళ్లు పొట్ట మీద జరిపే ప్రోబ్‌ను ఒకేచోట ఆపి, కొలిచి, మళ్లీ కొలుస్తుంటారు. చాలాసార్లు ఆ మౌనానికి మామూలు కారణమే ఉంటుంది. గుండె నాలుగు గదులూ ఒకే కోణంలో కనిపించాలి, బిడ్డేమో వీపు తిప్పుకుని పడుకుంది, అంతే. కొన్నిసార్లు మాత్రం నిజంగానే ఏదో కనిపిస్తుంది. రిపోర్టులో ఒక లైను చేరుతుంది, దాని కింద రెండు వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేయించమన్న సలహా ఉంటుంది. ఆ లైనును ఎలా చదువుకోవాలి, ఆ రెండు వారాలూ ఎలా గడపాలి?

ముందు ఆ యంత్రం చేసే పని తెలియాలి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. ప్రోబ్ పంపే ధ్వని సెకనుకు కొన్ని పదుల లక్షల సార్లు కంపిస్తుంది. అది లోపలికి వెళ్లి, అడ్డం తగిలిన చోటల్లా కొంత వెనక్కి వస్తుంది. శరీరంలో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు అనే లెక్కతో యంత్రం ప్రతి ప్రతిధ్వనికీ దూరం కట్టి తెర మీద ఒక చుక్క పెడుతుంది. ఎముక నుంచి గట్టిగా తిరిగొస్తుంది కాబట్టి తెలుపు, ఉమ్మనీటి నుంచి ఏమీ రాదు కాబట్టి నలుపు. లోహంలో పగుళ్లు పట్టుకోవడానికి కర్మాగారాల్లో వాడే పరికరాన్ని చూసి, గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డోనాల్డ్ దాన్ని మనుషులకు వాడొచ్చని పట్టుబట్టాడు. వైద్యుడు జాన్ మెక్‌వికర్, ఇంజినీరు టామ్ బ్రౌన్‌లతో కలిసి 1958లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు.

అంటే మనం చూసేది ప్రతిధ్వనుల లెక్కతో గీసిన బొమ్మ. తల్లి పొట్ట గోడ మందం, బిడ్డ పడుకున్న తీరు, ఉమ్మనీరు ఎంతుంది, ఎన్నో వారం, ఇవన్నీ ఆ బొమ్మను మారుస్తాయి. బరువు అంచనాలో 10 నుంచి 15 శాతం దాకా తేడా రావడం మామూలు. 3 కిలోలని రాసిన బిడ్డ 2.6 తూగినా, 3.4 తూగినా స్కాన్ తప్పు చేసినట్టు కాదు.

ఇక రిపోర్టులోని లైను. అక్కడ రాసింది అవయవంలో లోపమా, లేక లోపం ఉండొచ్చేమోనని వెతకమనే గుర్తా? ఈ ఒక్క సంగతి తేల్చుకోకపోవడం వల్లే ఎన్నో ఇళ్లలో నిద్రలు పోతున్నాయి. గుండె గదుల మధ్య రంధ్రం, గ్రహణం మొర్రి, వెన్ను మూసుకోకపోవడం లాంటివి లోపాలు. రెండో రకాన్ని వైద్యులు సాఫ్ట్ మార్కర్లు అంటారు. ఇవి వాటంతట అవి జబ్బులు కావు. క్రోమోజోముల తేడా ఉన్న పిల్లల్లో కాస్త ఎక్కువగా, ఏ తేడా లేని పిల్లల్లోనూ ధారాళంగా కనిపించే గుర్తులు.

కోరాయిడ్ ప్లెక్సస్ తిత్తినే తీసుకోండి. మెదడులో నీటి తిత్తి ఉందన్న మాట వింటే ఏ తల్లికైనా కాళ్లూ చేతులూ ఆడవు. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తయారుచేసే కణజాలం మడతల్లో కొంచెం ద్రవం చిక్కుకుపోతే అలా కనిపిస్తుంది. ఐదో నెల స్కానుల్లో నూటికి ఒకరిద్దరు పిల్లల్లో ఇది ఉంటుంది, ఏడెనిమిది నెలలకల్లా దాదాపు అందరిలో మాయమవుతుంది. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. మరి రాయడమెందుకు? ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అనే క్రోమోజోముల తేడా ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది కాబట్టి. కానీ ఆ పిల్లల్లో సాధారణంగా గుండెలోనో, చేతుల్లోనో, ఎదుగుదలలోనో ఇంకా ఏదో కూడా దొరుకుతుంది. గుండెలో తెల్లచుక్క కథా ఇంతే. గుండె లోపలి చిన్న కండరం మీద కాస్త కాల్షియం చేరితే చుక్కలా మెరుస్తుంది, గుండె పనికి ఏ ఇబ్బందీ రాదు. అమెరికాలోని గర్భస్థ శిశు వైద్య నిపుణుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తల్లి రక్తంతో చేసే డీఎన్‌ఏ పరీక్షలో ప్రమాదం తక్కువని తేలి, ఈ రెండింటిలో ఒకటి ఒంటరిగా కనిపిస్తే, ఇంకే పరీక్షా అక్కర్లేదు.

అన్ని గుర్తులకూ ఒకే బరువు ఉండదు. మెడ వెనక చర్మం మడత ఐదో నెలలో 6 మిల్లీమీటర్లు దాటినా, ముక్కు ఎముక కనిపించకపోయినా వైద్యులు ఎక్కువ పట్టించుకుంటారు. పేగు ఎముకంత తెల్లగా మెరిస్తే ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందా, బిడ్డ సరిగా ఎదుగుతోందా అని చూస్తారు. కిడ్నీలో మూత్రం చేరే చోటు కొంచెం వెడల్పయితే ఎనిమిదో నెలలో మళ్లీ చూస్తారు, సగానికి పైగా పిల్లల్లో అది సర్దుకుంటుంది. ఇలాంటి పదాలను విడమరచి చెప్పకుండా కాగితం చేతిలో పెట్టి పంపేయడం నా దృష్టిలో చిన్నపాటి క్రూరత్వమే.

తర్వాత అంకెల గొడవ. మూడో నెలలో, 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలుస్తారు. లండన్‌లో కిప్రోస్ నికొలయిడిస్ బృందం 1992లో ఈ కొలతకూ క్రోమోజోముల తేడాలకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. ఆ కొలతకు తల్లి వయసు, రక్తంలో రెండు పదార్థాల మోతాదు కలిపి ఒక ప్రమాద సంఖ్య ఇస్తారు. ఇది జల్లెడ పట్టడం లాంటి పని. అలాంటి తేడాల్లో ఒకటైన డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 85 నుంచి 90 శాతం మందిని పట్టుకుంటుంది, కానీ ఏ తేడా లేని నూరు మందిలో ఐదుగురిని కూడా పక్కన పెడుతుంది.

లెక్క వేద్దాం. 10,000 మంది గర్భిణుల్లో 20 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉందనుకోండి. పరీక్ష వారిలో 18 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 9,980 మందిలో 5 శాతం, అంటే 499 మందికి అనవసరంగా ‘పాజిటివ్’ అని చెబుతుంది. మొత్తం 517 మంది భయపడితే, వారిలో నిజంగా తేడా ఉన్నవారు 18 మంది. పాజిటివ్ వచ్చిన 29 మందిలో ఒకరన్నమాట. రిపోర్టులో 1:250 అని ఉంటే, అదే ఫలితం వచ్చిన 250 మందిలో 249 మంది బిడ్డలకు ఆ తేడా ఉండదని అర్థం. శాతంలో 0.4.

తల్లి రక్తంలో బిడ్డ వైపు నుంచి వచ్చిన డీఎన్‌ఏ తునకలు తిరుగుతుంటాయని 1997లో డెనిస్ లో బృందం చూపించింది. దాని మీద పుట్టిన ఎన్‌ఐపీటీ, అంటే తల్లి రక్తంతో చేసే ఆ డీఎన్‌ఏ పరీక్ష, ఈ జల్లెడను ఎంతో సన్నం చేసింది. అయినా నూటికి నూరు పాళ్లు కాదు, ఎందుకంటే ఆ తునకలు వచ్చేది ముఖ్యంగా మాయ నుంచి. మాయలో ఉన్న తేడా బిడ్డలో లేకపోవచ్చు. ఆ సందేహం తీర్చేది ఉమ్మనీటి పరీక్ష, అది 15 వారాలు దాటాక చేస్తారు. దానివల్ల గర్భం పోయే ప్రమాదం ఉంది కానీ, అనుభవజ్ఞుల చేతుల్లో అది చాలా తక్కువ.

ఇప్పుడు ఆ రెండు వారాల సంగతి. ఇది అన్నిటికన్నా పదునుగా తగిలేది మొదటి నెలల్లో, గుండె చప్పుడు కనపడనప్పుడు. పిండం 5 మిల్లీమీటర్లున్నా గుండె కొట్టుకోకపోతే గర్భం పోయినట్టేనని ఒకప్పుడు తేల్చేసేవారు. కొలతలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే, అండం ఆలస్యంగా విడుదలైతే వారాల లెక్కా తప్పుతుంది. అంటే నిలబడే గర్భాన్ని పోయిందనుకునే ప్రమాదం ఉంది. అందుకే 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన నిపుణుల ప్రకటన గీతను కాస్త జరిపింది. పిండం 7 మిల్లీమీటర్లు, లేదా పిండం లేని సంచి సగటున 25 మిల్లీమీటర్లు ఉంటేనే ఒక్క స్కాన్‌తో నిర్ధారణ. అంతకు తక్కువైతే ఆగి, మళ్లీ చూడాలి. అక్కడ ఎదురుచూడటమే పరీక్ష. ఎదిగే పిండం ఆ రోజుల్లో ఎదిగి చూపిస్తుంది.

మాయ కిందికి ఉందన్న మాటకూ జవాబు కాలమే. ఐదో నెలలో అలా కనిపించినవాటిలో చాలా భాగం గర్భసంచి పెరిగేకొద్దీ పైకి జరుగుతాయి.

ఈ శాస్త్రమంతా తెలిసినా అర్ధరాత్రి మెలకువ రాకుండా ఉండదు. మెలకువ వచ్చినప్పుడు చేయి ఫోన్ మీదికి పోతుంది. అక్కడ దొరికే అనుభవాల్లో చెడు జరిగినవే ఎక్కువ. తర్వాతి స్కాన్‌లో అంతా సరిపోయినవాళ్లు ఊపిరి పీల్చుకుని తమ పనిలో పడిపోతారు, రాయడానికి కూర్చోరు. కాబట్టి వెతికి తీరాల్సిందే అనిపిస్తే మీ డాక్టరు చెప్పిన కచ్చితమైన పదంతో, వారంతో వెతకండి. లేదా ఆ పని మీ భర్తకో, అక్కకో అప్పగించండి.

నేనేం తిన్నాను, ఏం మోశాను, ఎందుకు అంతగా ఏడ్చాను అన్న తవ్వకం ఇంకో బాధ. క్రోమోజోముల తేడాలు ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడే వస్తాయి. ఆ అండం విభజన తల్లి తన తల్లి కడుపులో ఉండగానే మొదలై ఆగి, ఏళ్ల తర్వాత పూర్తవుతుంది. నిన్నటి ఏడుపుకు అక్కడికి దారి లేదు. కొన్ని మందులు, కొన్ని ఇన్ఫెక్షన్లు, అదుపు తప్పిన షుగరు బిడ్డ మీద ప్రభావం చూపే మాట నిజమే. అలాంటి అనుమానం ఉంటే లోపల దాచుకోకుండా డాక్టరును అడగడమే మేలు. తిండి సహించక, నిద్ర పట్టక రోజులు గడుస్తుంటే అదీ చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఆందోళనకు వైద్యం ఉంది.

కొందరికి అనుమానం నిజమవుతుంది. అప్పుడు ముందే తెలియడం కొన్ని జబ్బుల్లో ప్రాణం నిలుపుతుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాలు తారుమారైన బిడ్డకు పుట్టిన గంటల్లోనే మందు, కొద్ది రోజుల్లో ఆపరేషన్ కావాలి. అది ముందే తెలిస్తే కాన్పు అలాంటి ఆసుపత్రిలోనే జరిగేలా చూసుకోవచ్చు. ఒకే మాయను పంచుకున్న కవలల మధ్య రక్తం ఒకవైపే పోతుంటే లేజర్‌తో కడుపులోనే ఆపుతారు. వెన్ను మూసుకోని కొందరు పిల్లలకు పుట్టకముందే ఆపరేషన్ చేస్తే మేలు జరుగుతుందని 2011లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం చూపించింది. ఏ చికిత్సా లేని జబ్బులూ ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్కో కుటుంబం ఒక్కో దారి ఎంచుకుంటుంది, గర్భం తీయించుకోవడానికి చట్టం పెట్టే వారాల గడువు దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే పరీక్షకు ఒప్పుకునేటప్పుడే ఫలితం ఎన్నో వారానికి చేతికొస్తుందో అడగాలి.

చెడ్డ మాట విన్న పూట ఆ తర్వాత చెప్పిందేదీ సరిగా చెవికెక్కదు. వీలైతే రెండు మూడు రోజుల్లో మళ్లీ కలవడానికి సమయం అడగండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లి, డాక్టరు చెప్పేది వాళ్లను రాసుకోమనండి. ఇది లోపమా, గుర్తా? ఒంటరిగా ఉందా, దీనితో పాటు ఇంకేమైనా కనిపించాయా? నాలాంటి వెయ్యి మందిలో ఎంతమంది బిడ్డలు ఆరోగ్యంగా పుడతారు? తర్వాతి స్కాన్‌లో ఏం కనిపిస్తే మీరు నిశ్చింతగా ఉంటారు, ఏం కనిపిస్తే తర్వాతి పరీక్ష చెబుతారు?