గ్రోత్ ఫండ్ గురించి అడిగిన మనవలకు అమ్మమ్మ ఉత్తరం

తెనాలి

చిరంజీవులు పెద్దోడికి, చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఒకే వారంలో ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. చిట్టితల్లి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఆఫీసులో అందరూ లార్జ్ క్యాప్ గ్రోత్ ఫండులో సిప్, అదే నెలనెలా కట్టే వాయిదా, కట్టమంటున్నారు, కట్టనా?" అంది. రెండు రోజులకు డాలస్ నుంచి పెద్దోడు, "మా 401కెలో, అదే ఇక్కడి ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతాలో, లార్జ్ క్యాప్ గ్రోత్ అని ఒక ఫండ్ బాగా పెరిగింది, ఉన్నదంతా దాంట్లోకి మార్చెయ్యనా?" అన్నాడు. అప్పటికి తోచింది చెప్పాను గానీ నాకు తృప్తి కలగలేదు. ముప్పై ఏడేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని ఊరివాళ్ళ డబ్బు లెక్కలు రాసినదాన్ని. డబ్బు విషయంలో సగం విని వెళ్ళిపోయినవాళ్ళు తర్వాత ఎంత బాధపడతారో చూశాను. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. మీరూ తీరిగ్గా చదవండి.

ఫండ్ అంటే మ్యూచువల్ ఫండ్, నలుగురి డబ్బూ పోగుచేసి కంపెనీల షేర్లు కొనే ఏర్పాటు. అందులో మన వాటాను యూనిట్లలో లెక్కిస్తారు. మీరిద్దరూ గ్రోత్ అనే అన్నారు. కానీ చిట్టితల్లి అడిగిన గ్రోత్ వేరు, పెద్దోడు అడిగిన గ్రోత్ వేరు.

మన దేశంలో ఫండ్ పేరు చివర గ్రోత్ అని ఉంటే అది ఆ ఫండ్ ఎలాంటి కంపెనీలను కొంటుందో చెప్పే మాట కాదు. వచ్చిన లాభాన్ని చేతికివ్వకుండా ఫండులోనే ఉంచుతారని దాని అర్థం. పక్కనే ఇంకో రకం ఉంటుంది. ఒకప్పుడు దాన్ని డివిడెండ్ ఆప్షన్ అనేవారు. 2021 ఏప్రిల్ నుంచి, షేర్ మార్కెట్‌ను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ సెబీ ఆ పేరు మార్పించింది, ఇప్పుడు ఐడీసీడబ్ల్యూ అంటున్నారు. ఆ పొడి అక్షరాల చివరి ముక్క క్యాపిటల్ విత్‌డ్రాయల్, అంటే నీ అసలులోంచి కూడా తీసి ఇస్తుండవచ్చు అని. ఆ పేరు 2007లోనే ఉండి ఉంటే నాకు చాలా మేలు జరిగేది.

ఆ ఏడాదే నేను రిటైరయ్యాను. చేతికొచ్చిన డబ్బులోంచి నాలుగు లక్షలు డిసెంబరులో పెద్ద కంపెనీల ఫండ్ ఒకదానిలో పెట్టాను. యూనిట్ 40 రూపాయలు, పది వేల యూనిట్లు వచ్చాయి. "త్వరలో 30 శాతం డివిడెండ్ ఇస్తారండీ" అన్నారు అమ్మినవాళ్ళు. నాలుగు లక్షల మీద 30 శాతమంటే లక్షా ఇరవై వేలని మనసులో లెక్క వేసుకున్నాను. వచ్చింది ముప్పై వేలు. ఆ 30 శాతం యూనిట్ ముఖవిలువ మీద, అంటే పది రూపాయల మీద. యూనిట్‌కు మూడు రూపాయలు. అది ఇచ్చిన మర్నాడు చూస్తే 40 రూపాయల యూనిట్ 37 అయింది. విత్తనాలకని గాదెలో దాచుకున్న వడ్లలోంచే నాలుగు కుంచాలు తీసి, ఇవిగో మీ పంట అని నాకే కొలిచి ఇచ్చినట్టయింది. అప్పుడు కనీసం ఆ డబ్బు మీద నేను పన్ను కట్టే పని లేకపోయింది. 2020 ఏప్రిల్ నుంచి అదీ పోయింది. అలా వచ్చినదంతా మన ఆదాయంలో కలిపి, మన శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. కనుక చిట్టితల్లీ, నీ వయసులో నువ్వు తీసుకోవలసింది గ్రోత్ ఆప్షనే. ఆ ఒక్క గడి దగ్గర పొరపాటు చెయ్యకు.

ఇక లార్జ్ క్యాప్ అనే మాట. షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే మార్కెట్లో ఆ కంపెనీ విలువ వస్తుంది. ఆ విలువ ప్రకారం దేశంలోని కంపెనీలను వరసగా నిలబెడితే మొదటి వంద లార్జ్ క్యాప్. తర్వాతి నూట యాభై మిడ్ క్యాప్, 251 నుంచి స్మాల్ క్యాప్. 2017 అక్టోబరులో సెబీ పెట్టిన నియమం ఇది. ఆ జాబితాను ఆరు నెలలకోసారి మారుస్తారు. లార్జ్ క్యాప్ ఫండ్ అని పేరు పెట్టుకున్నది తన డబ్బులో కనీసం 80 శాతం ఆ వందలోనే పెట్టాలి. రిలయన్స్, టీసీఎస్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, మన హైదరాబాదుదే దివీస్ లాంటివి ఇందులోకి వస్తాయి. నువ్వు నెలకు వెయ్యి రూపాయలు కట్టినా అందులో కొన్ని పైసలు ఒక మందుల ఫ్యాక్టరీలో, కొన్ని ఒక బ్యాంకులో, కొన్ని సబ్బుల కంపెనీలో నీ వంతు వాటాగా ఉంటాయి. సెల్‌ఫోన్ తెర మీద కదిలే అంకెను చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఆ అంకె వెనక పనిచేస్తున్న మనుషులు, అమ్ముడుపోతున్న సరుకు ఉన్నాయి. ఫండుకు వచ్చే లాభం చివరికి అక్కడినుంచే రావాలి.

పెద్ద కంపెనీ కదా, ఇక భయమేముంది అంటారు చాలామంది. 2009 జనవరి 7న మన రాష్ట్రంలో ఆ మాట అనగలిగినవాళ్ళు లేరు. లేని డబ్బును లెక్కల్లో ఉన్నట్టు చూపించామని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఆరోజు ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి వచ్చింది. సెన్సెక్స్, నిఫ్టీ అంటే పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి ఒక అంకెగా చూపే సూచీలు. సత్యం ఆ రెండింటిలోనూ ఉన్న కంపెనీ. కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని నాలుగు నెలల ముందే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. కంపెనీ ఎంత పెద్దదో పట్టిక చెబుతుంది. దాని లెక్కలు నిజమో కాదో చెప్పదు. ఫండు మనకు పనికొచ్చేది ఇలాంటి రోజునే. దాచుకున్నదంతా ఆ ఒక్క షేరులో ఉన్నవాళ్ళకు వందకు ఇరవై రెండు మిగిలాయి. నూటికి మూడు రూపాయలు మాత్రమే ఆ షేరులో పెట్టిన ఫండ్ ఉంటే, దానికి ఆ షేరు వల్ల పోయేది రెండున్నర రూపాయల లోపు.

అయితే మార్కెట్ మొత్తం పడిపోయినప్పుడు ఈ పంచడం వల్ల ఉపయోగం ఉండదు. 2008 జనవరిలో 21 వేల దాకా వెళ్ళిన సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160 దగ్గర ముగిసింది. నా నాలుగు లక్షలు ఆ మార్చిలో లక్షా డెబ్బై వేల చిల్లర అయ్యాయి. రాత్రుళ్ళు నిద్ర లేదు. మీ తాతయ్య అప్పటికి మంచం పట్టారు, ఏ క్షణంలో డబ్బు అవసరమవుతుందో అని టెన్షన్. ఆ నెలలోనే మొత్తం అమ్మేశాను. మే 18న, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాక తొలి సోమవారం, సెన్సెక్స్ ఒక్కరోజులో రెండు వేల పాయింట్లకు పైగా పెరిగింది. పెరుగుదలకు ఉన్న హద్దు నిమిషంలోపే దాటిందని వ్యాపారమే ఆపేశారు. ఆ వార్త టీవీలో చూస్తూ మీ తాతయ్య పక్కన కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎన్నోసార్లు ఆలోచించాను. అమ్మడం కన్నా ముందే తప్పు జరిగింది. రేపో మాపో ఆసుపత్రికి కావలసిన డబ్బును తీసుకెళ్ళి అక్కడ పెట్టడమే తప్పు. నేను పోస్టాఫీసు మనిషిని. 1988లో కిసాన్ వికాస్ పత్రం వచ్చినప్పుడు అయిదున్నర ఏళ్ళలో రెట్టింపు అని కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేవాళ్ళం. ఆ రోజు వస్తే ఆ మొత్తం లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళం. అదే పత్రం రెట్టింపు కావడానికి 2023 ఏప్రిల్ నుంచి 115 నెలలు, అంటే తొమ్మిదిన్నర ఏళ్ళ పైన. వడ్డీ తగ్గిందని మన ఇళ్ళలో అందరూ ఫండ్ల వైపు చూస్తున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ ఫండుకు అచ్చువేసిన తేదీ, అచ్చువేసిన మొత్తం ఉండవు. లార్జ్ క్యాప్ ఫండ్ కాగితాల్లో రిస్కోమీటర్ అని నష్టభయం ఎంతో చూపే ఒక బొమ్మ వేస్తారు, దాని ముల్లు సాధారణంగా వెరీ హై దగ్గరే ఉంటుంది. దాన్ని నమ్ము. పెళ్ళికి, ఇంటి అడ్వాన్సుకు, పై చదువుకు అని అయిదేళ్ళలోపు కావలసిన రూపాయి అక్కడికి పోకూడదు. చీటీ పాడి తెచ్చిన డబ్బు అసలే పోకూడదు.

పదేళ్ళు, పదిహేనేళ్ళు ముట్టుకోని డబ్బు సంగతి వేరు. 1978-79ని 100గా తీసుకుని లెక్కించే సెన్సెక్స్ 2024 జూలైలో 80 వేలు దాటింది. నలభై అయిదేళ్ళకు సగటున ఏడాదికి 15, 16 శాతం మధ్య. ఆ కాలంలోనే నేను పైన రాసిన పతనమూ ఉంది, 2020 మార్చి 23న ఒక్కరోజులో 13 శాతం పడిపోయిన కరోనా రోజూ ఉంది. వచ్చే ఇరవై ఏళ్ళు కూడా అలాగే ఉంటాయని నేను మాటివ్వలేను, ఎవరిచ్చినా నమ్మకండి.

ఇప్పుడు పెద్దోడి సంగతి. నాయనా, నీ దేశంలో గ్రోత్ అంటే కంపెనీల రకం. లాభాలు, అమ్మకాలు మిగతావాటికన్నా వేగంగా పెరుగుతాయని మార్కెట్ నమ్మిన కంపెనీలు. ఆ నమ్మకానికి ముందే ధర కట్టి ఉంటుంది. అదే ఈ ఫండ్లలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసే విషయం. మైక్రోసాఫ్ట్‌నే చూడు. 1999 డిసెంబరు చివర్లో ఆ షేరును ఎగబడి కొన్నారు. తర్వాత కంపెనీ ఆగిపోలేదు. 2000 నుంచి 2014 వరకు చూస్తే లాభం రెట్టింపుకు పైగా పెరిగింది. అయినా మన హైదరాబాదు పిల్లాడు సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో దాని సీఈఓ అయ్యేనాటికి కూడా షేరు ఆ పాత ధరకు చేరలేదు. చేరింది 2016 అక్టోబరులో. దాదాపు పదిహేడేళ్ళు. వ్యాపారం పెరిగింది, కొన్నవాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు, ఎందుకంటే అంత పెరుగుదలకూ అతను మొదటిరోజే డబ్బు చెల్లించేశాడు. గ్రోత్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ కూడా 2000 మార్చిలో అయిదు వేలు దాటి, 2002 అక్టోబరుకు 1,114కి పడి, మళ్ళీ పాత ఎత్తుకు 2015లో గానీ రాలేదు.

"బాగా పెరిగింది" అన్నావు చూడు, అందుకే ఆ మాటకు నా గుండె ఝల్లుమంది. పెరిగాక మారడం అంటే పెరిగిన ధరకు కొనడం. పైగా ఈ మధ్య అక్కడి లార్జ్ క్యాప్ గ్రోత్ సూచీలో ఎన్‌విడియా, మైక్రోసాఫ్ట్, యాపిల్ మూడే దాదాపు మూడో వంతు ఉంటున్నాయి. నీకు ఇప్పటికే ఉన్న, అక్కడి అయిదువందల పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ 500 ఫండులోనూ పైన ఉన్నవి అవే. నీ ఉద్యోగమూ ఆ రంగంలోనే, నీకు కంపెనీ ఇచ్చిన షేర్లూ ఆ రంగానివే. ఆ రంగానికి జ్వరం వస్తే నీ జీతం, నీ పొదుపు రెండూ ఒకేసారి పడకేస్తాయి. గ్రోత్ ఫండులో అయిదో వంతు పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. మొత్తం వద్దు. ఇంకొకటి. అమెరికాలో పన్ను కట్టేవాడివి కనుక మమకారంతో ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొనకు. వాటిని అక్కడి పన్నుశాఖ పీఎఫ్ఐసీ, అంటే విదేశీ పెట్టుబడి కంపెనీ, అనే లెక్కలో వేస్తుంది. పన్నూ ఎక్కువే, నింపాల్సిన ఫారాలూ ఎక్కువే.

చిట్టితల్లీ, ఫండ్ ఎంచుకునేటప్పుడు నువ్వు మార్చగలిగేది ఒకటే ఉంది, ఖర్చు. నెలకు అయిదు వేల చొప్పున ఇరవై ఏళ్ళు కడితే నీ చేతి డబ్బు 12 లక్షలు. ఏడాదికి 12 శాతం వస్తుందని ఊహించి లెక్క వేస్తే సుమారు 49 లక్షలవుతుంది. ఖర్చుల కింద ఒక్క శాతం పోయి 11 శాతమే వస్తే 43 లక్షలు. ఆరు లక్షల తేడా, ఎవరి చేతా సంతకం పెట్టించకుండా పోతుంది. 2013 జనవరి నుంచి మధ్యవర్తి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ప్రతి ఫండుకూ ఉండాలి, కాబట్టి అందులోనే చేరు. నా అభిప్రాయం అడిగితే, లార్జ్ క్యాప్‌లో షేర్లు ఏరి కొనే మేనేజర్‌ను వెతుక్కునే కన్నా, నిఫ్టీ సూచీలోని యాభై కంపెనీలనే అదే పాళ్ళలో కొనే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ నయం. అందరి కళ్ళూ ఉన్న ఆ వంద కంపెనీల్లో ఎవరికీ కనబడనిది ఒక మేనేజరుకు కనబడటం కష్టం. దీర్ఘకాలంలో చూస్తే లార్జ్ క్యాప్ ఫండ్లలో సగానికి పైగా సూచీని అందుకోలేకపోయాయి. అమ్మినప్పుడు, ఏడాది దాటిన లాభంలో సంవత్సరానికి లక్షా పాతిక వేల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపే అమ్మితే 20. 2024 జూలై నుంచి ఇదీ లెక్క.

ముందు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకో. అది పూర్తయ్యాక రెండు వేలతో సిప్ మొదలుపెట్టు, అయిదు వేలకు తర్వాత వెళ్దువుగాని. నామినీ గడి ఖాళీగా వదలకు. కౌంటరు దగ్గర ఆ గడి నింపకుండా పోయినవాళ్ళ భార్యాపిల్లలు వారసత్వ పత్రాల కోసం ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు స్టేట్‌మెంట్ ప్రింటు తీయించి తీసుకురా, ఫోనులో అక్షరాలు నాకు ఆనవు. పెద్దోడు ఆ రోజు వీడియో కాల్‌లోకి వస్తే తన 401కె ఫండ్ల పేర్లన్నీ చదివి వినిపించమను. ముగ్గురం కలిసి ఒక్కొక్కటే చూద్దాం.

మీ అమ్మమ్మ