చుక్కి విషయంలో మేం ఎందుకలా అనుకున్నామంటే

అమ్మలూ, చంటీ,

ఆదివారం ఫోన్లో అమ్మలు అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "నానమ్మకి కీమో చేయించారు కదా తాతయ్యా, మరి చుక్కికెందుకు చేయించరు? కుక్క అనా?" అప్పుడు గొంతు పట్టేసి సరిగా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. చుక్కికి వచ్చింది క్యాన్సరు, కీమో అంటే క్యాన్సరు కణాల్ని చంపడానికి ఎక్కించే మందు. ఇద్దరూ కలిసి చదవండి. చంటికి అర్థం కానిచోట అక్క చెబుతుంది.

ముందు జరిగింది చెబుతాను. శ్రావణంలో ఒకరోజు చుక్కి వెల్లకిలా పడుకుని పొట్ట గోకించుకుంటుంటే, వెనక కాళ్ల దగ్గర చివరి చన్ను పక్కన రేగుకాయంత గట్టిది వేలికి తగిలింది. పాలగడ్డేమో అనుకుని పసుపు రాసి ఊరుకున్నాను. అది నా తప్పు. దసరా నాటికి అది నిమ్మకాయంత అయింది, పక్కనే ఇంకోటి లేచింది. అప్పుడు మన డాక్టరు గారికి చూపిస్తే, ఆలస్యం చేయకుండా విజయవాడ తీసుకెళ్లమన్నారు.

అక్కడ గడ్డలోకి సన్నటి సూది గుచ్చి కొంచెం తీసి పరీక్షకు పంపారు. ఛాతీకి మూడు ఎక్స్‌రేలు తీశారు. కుడి పక్కకి పడుకోబెట్టి ఒకటి, ఎడమ పక్కకి ఒకటి, వెల్లకిలా ఒకటి. ఒక పక్కకే తీస్తే కింద నలిగిన ఊపిరితిత్తిలో చిన్నవి కనబడకుండా పోతాయట. ఊపిరితిత్తుల నిండా గాలి కాబట్టి ఎక్స్‌రేలో అవి నల్లగా ఉండాలి. చుక్కివీ నల్లగానే ఉన్నాయి కానీ, ఆ నలుపులో బఠాణీలు చల్లినట్టు తెల్లటి గుండ్రాలు. డాక్టరమ్మ పెన్ను కొనతో ఒక్కొక్కటీ చూపిస్తూ ఏడు దాకా లెక్కపెట్టి ఆగిపోయింది. చుక్కి మటుకు బల్ల మీద నా మోచేతి వంపులో తల దూర్చి తోక ఊపుతూనే ఉంది.

ఆ గుండ్రాలూ క్యాన్సరే. పొట్ట దగ్గర పుట్టింది ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్లింది? మన చేలో తుంగ గుర్తుందా? పైన పీకేస్తే పోయిందనుకుంటాం. మట్టి లోపల గడ్డలు ఊరిపోయి ఉంటాయి, నాలుగు రోజులకి ఇంకోచోట తల ఎత్తుతుంది. క్యాన్సరు కణాలు కొన్ని గడ్డ నుంచి విడిపోయి రక్తంలో కలుస్తాయి. ఒంట్లో రక్తమంతా గుండెకి చేరి, అక్కణ్ణించి ముందు ఊపిరితిత్తులకే వెళుతుంది. అక్కడి రక్తనాళాలు వెంట్రుక కంటే సన్నం. ఆ సన్నటి దారుల్లో చిక్కుకుని మొలకెత్తుతాయి. ఇప్పుడు ఆపరేషన్ చేసి పొట్ట దగ్గరి గడ్డ తీసేసినా ఆ ఏడూ అక్కడే ఉంటాయి.

ఇక నానమ్మ సంగతి. ఆవిడదీ రొమ్ము క్యాన్సరే, అందుకే అమ్మలు ప్రశ్న నన్నంత గట్టిగా తగిలింది. కానీ నానమ్మది చంక దాటి ఎక్కడికీ పోలేదు. పూర్తిగా నయం చేద్దామనే మందులిచ్చారు. ఆరుసార్లు ఎక్కిస్తాం, జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, తర్వాత జుట్టు మళ్లీ వస్తుంది అని ముందే కూర్చోబెట్టి చెప్పారు. నానమ్మ ఒక రాత్రి ఆలోచించి, "చంటిగాడి అక్షరాభ్యాసం నేను చూడాలి, ఎక్కించండి" అంది. వంటింటి గోడ మీది క్యాలెండర్లో పాల లెక్క పక్కనే ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, ఇంకా నాలుగు, ఇంకా మూడు అని లెక్క పెట్టుకుంది.

విజయవాడ నుంచి వచ్చేటప్పుడు కారులో నానమ్మ ఒకే మాటంది. "నాకు చెప్పి చేశారండీ. దానికెవరు చెబుతారు?"

ఆ మాటతోనే నాకు దారి తెలిసింది. ఇవాళ సూది ఓర్చుకుంటే వచ్చే నెల బాగుంటానని చుక్కికి తెలియదు. దానికి ఇవాళ ఉంది, అంతే. కాబట్టి దాని ఇవాళని మనం తీసుకుంటే, బదులుగా మంచి రోజులు గట్టిగా ఇవ్వగలగాలి. డాక్టరమ్మని నేను అదే అడిగాను. "ఈ వైద్యం చేయిస్తే దానికి ఎన్ని రోజులు, ఎలాంటి రోజులు?"

ఆవిడ దాచకుండా చెప్పింది. కుక్కలకి కీమో మనుషులకంటే తక్కువ మోతాదులోనే ఇస్తారు, బాధ పెట్టకుండా బతికించడమే ఉద్దేశం. చాలా కుక్కలకి జుట్టు కూడా రాలదు. కాకపోతే చనుగడ్డల క్యాన్సరు ఊపిరితిత్తులకి పాకాక, కీమో వల్ల ఆయుష్షు పెరుగుతుందని గట్టిగా చెప్పగలిగే ఆధారం లేదు. దానికోసం మూడు వారాలకోసారి ప్రయాణం, రక్తపరీక్షలు, సూదులు. కారెక్కితే గడగడ వణికే చుక్కిని తలుచుకున్నాను.

అంటే కుక్కకి క్యాన్సరు పాకిందంటే వైద్యమే వద్దని కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి, రేపు మీ స్నేహితుల ఇంట్లో ఇదే ఎదురైతే పనికొస్తుంది. లింఫోమా అని ఇంకో రకం క్యాన్సరు ఉంది, అది మొదటినుంచీ ఒళ్లంతా పాకే రకమే. వదిలేస్తే ఒకటి రెండు నెలలు. కీమో ఇస్తే చాలా కుక్కలు ఏడాది దగ్గర దగ్గర హాయిగా తిరుగుతాయి. మన వీధికుక్కల్లో ఇంకోటి కనిపిస్తుంది, కుక్కలు కలిసినప్పుడు, ఒకదాన్నొకటి నాకినప్పుడు అంటుకునే క్యాన్సరు. చూడ్డానికి ఘోరంగా రక్తం కారుతుంటుంది కానీ, వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు సూది నాలుగైదు వారాలు వేస్తే చాలావరకు పూర్తిగా పోతుంది. చుక్కిది అలాంటిదైతే ప్రతి వారం నేనే ఎత్తుకుని తీసుకెళ్లేవాణ్ణి. చుక్కికి వచ్చిన క్యాన్సరు ఎవరికీ అంటదు. మీరు ఎప్పట్లాగే ముద్దు చేయొచ్చు.

డబ్బు సంగతి కూడా దాచను. ఖర్చవుతుంది, లెక్క వేసుకున్నాం. చుక్కికి ఇంకో మంచి ఏడాది వస్తుందంటే ఎలాగో సర్దేవాళ్లం. ఎవరైనా సర్దలేక వద్దనుకుంటే వాళ్లకి ప్రేమ లేదని మాత్రం ఎప్పుడూ అనకండి.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, రోజూ అన్నం తిన్నాక నొప్పికి మెలాక్సికామ్ ఇస్తున్నాం. రక్తం పరీక్ష చేసి, మూత్రపిండాలు బాగున్నాయని చూశాకే రాశారు. మనం వేసుకునే నొప్పి బిళ్లలు, జ్వరం బిళ్లలు కుక్కలకి విషమవుతాయి. మీరు జాలిపడి ఏదీ వేయకండి. గడ్డ పగిలి పుండు పడితే, బాధ తగ్గడానికి దాన్ని మటుకు తీసేద్దామన్నారు. అప్పుడు ఆపరేషన్‌కి ఒప్పుకుంటాను.

రాత్రి అది నిద్రపోయాక పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడతాను. నిమిషానికి ముప్పై లోపు ఉండాలి. నిన్న ఇరవై ఆరు. నానమ్మేమో అదే క్యాలెండర్లో రోజూ రాత్రి చుక్క పెడుతుంది. పెరుగన్నం తానే తిందా, పాలబ్బాయి బండి చప్పుడుకి గేటు దాకా వెళ్లిందా, నొప్పి లేకుండా పడుకుందా. మంచి రోజైతే నీలం చుక్క, కాకపోతే ఎర్రది. ఈ నెలలో ఇప్పటిదాకా ఎర్రవి మూడే.

ఎర్రవి ఎక్కువయ్యాక ఏం చేస్తామో కూడా మీకు తెలియాలి. డాక్టరు గారు మనింటికే వస్తారు. ముందు మత్తు ఇస్తారు. అది బాగా మత్తులోకి వెళ్లాక ముంగాలి నరంలోకి మత్తుమందే చాలా ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. కొద్ది నిమిషాల్లో ఊపిరి, గుండె ఆగిపోతాయి. కళ్లు తెరిచే ఉంటాయి, ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు కదలొచ్చు, కానీ దానికి ఏమీ తెలియదు. పెద్దవాళ్లు దీన్ని నిద్రపుచ్చడం అంటారు. నాకా మాట ఇష్టం లేదు. నిద్రపోతే లేస్తారు. చుక్కి చచ్చిపోతుంది. అలా అనడం కష్టంగానే ఉంది కానీ, మీతో ఇంకోలా చెప్పను.

ఎదురింటి తాత, "ప్రాణం తీయడానికి మనమెవరం, దాని కర్మ అది అనుభవించాలి" అన్నారు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆయన మంచి మనిషి, నమ్మకంతో అన్నారు. కానీ గాలి అందక మెడ సాచి రాత్రంతా కూర్చున్న జంతువుని నేను చూశాను. పదకొండేళ్లు మన గుమ్మంలో కాపలా ఉన్న చుక్కిని అలా చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

ఆ రోజు దగ్గర ఉండాలో వద్దో ఎవరికి వారే అనుకోండి. ఉన్నా సరే, లేకపోయినా సరే, నేనేమీ అనను. ముందే ఫోన్ చేస్తాను, మీకు చెప్పకుండా చేయం.

శుక్రవారం రాత్రి బండికి వస్తున్నారని నాన్న చెప్పాడు. గేటు దగ్గర పరిగెత్తించకండి, ఆయాసం వస్తుంది. చాక్లెట్లు దానికి అందేచోట పెట్టకండి. చంటీ, పోయినసారి నువ్వు వదిలేసిన నీలం చెప్పు ఇంకా దాని మంచం కిందే ఉంది, ఎవర్నీ ముట్టనివ్వడం లేదు. అడగొద్దు, దాని దగ్గరే ఉండనీ.

మీ
తాతయ్య