సైనికుల మనోగాయం: అపోహలు - వాస్తవాలు

మాజీ సైనికుల్లో కనిపించే పీటీఎస్‌డీకి (ప్రాణాపాయం వంటి ఘోర అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయానికి) చికిత్స చేసేటప్పుడు, రోగం కంటే ముందు దాని గురించి ఇంటిల్లిపాదికీ ఉన్న నమ్మకాలతో తలపడవలసి వస్తుంది. వైద్యం ఏళ్ల తరబడి ఆలస్యం కావడానికి చాలాసార్లు అవే కారణం.

అపోహ: పిరికివాళ్లకే ఇలా జరుగుతుంది.

వాస్తవం: ఈ నమ్మకం ప్రాణాలనే బలిగొంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్న సైనికుల గురించి 1915లో చార్ల్స్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ‘షెల్ షాక్’ పేరుతో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో రాశాడు. ఫిరంగి గుండ్ల పేలుడు ధాటే కారణమని మొదట భావించారు గాని, గుండు దగ్గర్లో పడని వారిలోనూ అలాంటి లక్షణాలే కనిపించడంతో, దెబ్బ మనసుకు తగిలిందని క్రమంగా తెలిసివచ్చింది. అయినప్పటికీ ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాలు మోపి కాల్చి చంపిన 306 మందికి బ్రిటన్ 2006లో గాని క్షమాభిక్ష ప్రకటించలేదు; వారిలో షెల్ షాక్ బాధితులూ ఉన్నారు. వియత్నాం నుంచి తిరిగివచ్చినవారు గట్టిగా పోరాడిన తర్వాతే, 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం పీటీఎస్‌డీని తన రోగాల పట్టికలో చేర్చింది.

ప్రాణాపాయం ఎదురైనప్పుడు మెదడు శరీరాన్ని క్షణంలో అప్రమత్తం చేస్తుంది. సరిహద్దులో కాపాడిన ఆ అప్రమత్తత ఇంటికి వచ్చాక కూడా సద్దుమణగకపోతే, పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలినా గుండె దడదడలాడుతుంది, నిద్రలో అదే సంఘటన మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: యుద్ధం చూసిన ప్రతివారికీ ఇది తప్పదు.

వాస్తవం: ఎక్కువమంది తమంతట తామే తేరుకుంటారు. లక్షణాలు నెల దాటి కొనసాగుతూ జీవితాన్ని అడ్డుకుంటేనే పీటీఎస్‌డీగా నిర్ధారిస్తాం.

అపోహ: ఉద్యోగంలో బాగానే ఉన్న మనిషికి పెన్షన్ వచ్చాక రోగమేమిటి?

వాస్తవం: సంఘటన జరిగిన ఆరు నెలలకో, ఏళ్లకో కూడా లక్షణాలు పూర్తిగా బయటపడవచ్చు. తోటి జవాన్ల సాంగత్యం, గంట కొట్టినట్టు సాగే దినచర్య దూరమయ్యాక, అంతవరకు అణచిపెట్టినది పైకి వస్తుంది. పక్కనున్నవాడు పోయి తాను మిగిలానన్న అపరాధభావం అందులో ఒకటి. నా దృష్టిలో భయం కంటే లోతైన గాయం అదే, భార్యకు కూడా చెప్పుకోలేనిదీ అదే.

అపోహ: జరిగినదంతా ఒక్కసారి చెప్పించేస్తే మనసు తేలికపడుతుంది.

వాస్తవం: సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క విడతలో చెప్పించడం పీటీఎస్‌డీని నివారించదని పరిశోధనల్లో తేలింది, కొందరికి కీడు కూడా చేయవచ్చు. అలాగని ఎన్నడూ ప్రస్తావించకుండా దాటవేస్తే రోగం ముదురుతుంది. శిక్షణ పొందిన చికిత్సకుడి తోడుతో, కొన్ని వారాలపాటు, రోగి భరించగలిగినంత మేరకే ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే పద్ధతులు బాగా పనిచేస్తాయి. అవసరమైనవారికి సెర్ట్రలిన్ వంటి మందులు వైద్యుడి పర్యవేక్షణలో ఇస్తాం.

అపోహ: రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుంది.

వాస్తవం: కునుకు త్వరగా పట్టవచ్చు గాని, తెల్లవారుజాము నిద్ర ముక్కలవుతుంది, వ్యసనం అదనంగా వచ్చిపడుతుంది.

ఆత్మహత్య మాట ఎత్తినవారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416 నంబరులో ఇరవైనాలుగు గంటలూ తెలుగులో కూడా అందుతుంది. ఇంటివారు కూడా ఫోన్ చేయవచ్చు.