చిన్న మడిగెలో పెద్ద ప్రింటర్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో మడిగె కిరాయికి దొరికితే లోపలి జాగ చాలాసార్లు 10 అడుగులు, 12 అడుగులు. అందులో ఫ్లెక్సులు, స్టిక్కర్లు వేసే ప్రింటింగ్ మిషను పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది ధర, తర్వాత హెడ్డు (ఇంకు చిమ్మే భాగం). టేపు పట్టుకుని అడగాల్సినవి వేరే ఉన్నాయి.

అపోహ: 5 అడుగుల మిషనుకు 5 అడుగుల జాగ చాలు.

వాస్తవం: ఆ 5 అడుగులు ప్రింటు పడే వెడల్పు మాత్రమే. హెడ్డును మోస్తూ అటూ ఇటూ తిరిగే క్యారేజీ పక్కకొచ్చి ఆగే చోటు, పని లేనప్పుడు హెడ్డును క్యాపుతో మూసి ఉంచే క్యాపింగ్ స్టేషను, ఇంకు ట్యాంకులు రెండు కొసల్లో ఉంటాయి. 1.6 మీటర్ల, అంటే 5 అడుగుల ఎకో-సాల్వెంట్ (ఘాటు తక్కువున్న ద్రావకపు ఇంకు) మిషను మొత్తం పొడవు ఎనిమిదిన్నర అడుగుల పైమాటే. మనం 10 అడుగుల మిషను అనేది 14, 15 అడుగులు తింటుంది. ఈ మడిగెను మూల నుంచి మూలకు కొలిచినా పదిహేనున్నర అడుగులే! కాబట్టి ఆ ఆశ వదిలేయడమే మేలు. కురుమూర్తి, చెర్వుగట్టు జాతరలకో, ఎన్నికలకో పెద్ద ఫ్లెక్సుల ఆర్డరు వస్తే బయట వేయించి ఇవ్వచ్చు. ఏడాదిలో నాలుగు సీజన్ల కోసం 12 నెలలూ ఇరుకులో పని చేయడం నష్టం.

5 అడుగుల మిషనును 12 అడుగుల గోడ వెంట పెడితే పొడవులో మూడు అడుగులకు పైనే మిగులుతుంది. అందులో క్యాపింగ్ వైపు కనీసం 2 అడుగులు వదలాలి, ఎందుకంటే వైపరు (హెడ్డును తుడిచే రబ్బరు పట్టీ), క్యాపు రోజూ తుడవాల్సింది అటునుంచే. గోడకు ఆనించి పెట్టినవాళ్లు ఆ పని వాయిదా వేస్తారు, క్యాపు అంచున ఇంకు గట్టిపడుతుంది, లోపలికి గాలి పడుతుంది, నాజిల్స్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) పోతాయి. రోల్ వెనుకనుంచి ఎక్కించే మోడలైతే వెనుక 2 అడుగులు. 280 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 280 గ్రాములు) ఫ్లెక్స్, 5 అడుగుల వెడల్పు, 50 మీటర్ల రోల్ సుమారు 21 కిలోలు ఉంటుంది. రోల్ తొడిగే షాఫ్టుతో సహా దాన్ని ఎత్తే మనిషి మోచేతులు తిరగాలి కదా. మిషను లోతు రెండున్నర, ముందర 4 అడుగులు, అన్నీ కలిపితే 10లో ఎనిమిదిన్నర అయిపోయింది.

అపోహ: చక్రాలున్నాయి, పని అయ్యాక గోడకు జరుపుకోవచ్చు.

వాస్తవం: ఆ చక్రాలు డెలివరీ కోసం. బిగించాక కాళ్లు దించి, స్పిరిట్ లెవల్ పెట్టి సమం చేస్తారు. జరిపిన ప్రతిసారీ క్యారేజీ నడిచే రెయిలు కొద్దిగా మెలిపడవచ్చు. దాంతో ప్రింటులో అడ్డగీతలు వస్తాయి, మీడియా (ప్రింటు వేసే ఫ్లెక్స్, వినైల్ షీటు) ఒకవైపుకు పోతుంది. డంపర్లలో (హెడ్డుకు ముందు ఇంకు నిలిచే చిన్న డబ్బీలలో) గాలి చేరినా ఆశ్చర్యం లేదు. పాత గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ.

అపోహ: ఎకో-సాల్వెంట్ కదా, వాసన ఉండదు. ఏసీ వేసి షట్టర్ దించుకోవచ్చు.

వాస్తవం: 'ఎకో' అన్నంత మాత్రాన ద్రావకం లేకుండా పోదు. మామూలు సాల్వెంట్‌తో పోలిస్తే ఘాటు తక్కువ, అంతే. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలవైపు దిగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను కప్పుకింద పెడితే సగం పనే చేస్తుంది. మోకాలి ఎత్తులో, గాలి వచ్చే దారికి ఎదురుగోడకు పెట్టాలి. దాని గాలి ప్లాటెన్ (ప్రింటు పడేచోట మీడియా కింద ఉండే పలక) మీదుగా పోకూడదు, నాజిల్ ఎండిపోతుంది. మన ఎండాకాలంలో గాలి ఎట్లాగూ పొడిగా ఉంటుంది. తేమ 40 శాతం కంటే తగ్గితే స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు) పెరిగి దుమ్ము మీడియాకు అంటుకుంటుంది. 40 నుంచి 60 మధ్య ఉండాలి. తేమ కోసం కూలర్‌ను మిషనువైపు తిప్పకండి, తుంపర్లు వినైల్ (స్టిక్కరు షీటు) మీద పడతాయి. ఎగ్జాస్ట్ ఉంటే ఏసీ చల్లదనం కొంత బయటికి పోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. ఊపిరితో బేరం పెట్టుకోలేం కాబట్టి అది కట్టాల్సిందే.

అపోహ: ఇంటి ప్లాన్లకూ ఫ్లెక్సులకూ ఒకటే మిషను.

వాస్తవం: ఇంటి ప్లాన్లు వేసే మిషన్లు, అంటే ప్లాటర్లలో ఉండేది నీటి ఇంకు. అది మామూలు ఫ్లెక్స్ మీద, వినైల్ మీద నిలవదు. సివిల్ ఇంజనీర్లు, సర్వేయర్ల పనే ఎక్కువైతే మాత్రం చిన్న జాగకు దాన్ని మించింది లేదు: 24 అంగుళాలది దాదాపు మీటరు పొడవుంటుంది, బల్లమీద కూర్చుంటుంది. ముందునుంచే రోల్ ఎక్కించే మోడలైతే గోడకు ఆనించవచ్చు. ఏ1 సైజు కాగితం వెడల్పు 594 మిల్లీమీటర్లు, 24 అంగుళాలంటే 610, సరిపోతుంది. లేఅవుట్ ప్లాన్లు ఏ0లో అడుగుతారు, అది 841. దానికి 36 అంగుళాలదే కావాలి.

అపోహ: ప్రింటు పడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎకో-సాల్వెంట్ ప్రింటును లామినేషనుకు (పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించడానికి) ముందు ఒక రోజు ఆరనివ్వాలి. బిగుతుగా చుట్టి పెడితే ద్రావకం లోపలే ఉండి వినైల్ అంచులు ముడుచుకుంటాయి, జిగురు మెత్తబడుతుంది. ఆరేయడానికి కప్పుకింద రెండు పైపులు వేసుకోండి. కట్టింగుకూ ఐలెట్లకూ (ఫ్లెక్సు కట్టడానికి అంచున కొట్టే రింగులు) గోడకు కీళ్లతో మడిచే బల్ల సరిపోతుంది.

అపోహ: ఇంట్లో మీటరుతో నడుస్తుంది.

వాస్తవం: హీటర్లు, డ్రయ్యరు ఆన్ చేస్తే రెండు మూడు కిలోవాట్లు లాగవచ్చు. కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి. యూపీఎస్‌ను మిషను బోర్డుకు, కంప్యూటరుకు మాత్రమే ఇవ్వండి, హీటర్లకు వద్దు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 3 వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగు చేయించాకే మిషను ఆన్ చేయాలి. కరెంటు పోయి క్యారేజీ మధ్యలో ఆగితే మాన్యువల్ చెప్పిన పద్ధతిలో నెమ్మదిగా క్యాపు మీదికి నెట్టండి.

పై అంతస్తు గది తీసుకునేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే మిషనంత పొడవున్న పీవీసీ పైపును మెట్లమీదుగా, మలుపులో, గుమ్మంలోంచి తిప్పి చూడండి. స్టాండు విప్పినా మిషను పొడవు తగ్గదు. పైపు తిరగకపోతే కింది మడిగే చూసుకోండి.