మిగిలిన అన్నంతో మసాలా అన్నం

చిన్నీ, బుజ్జీ,

బడి నుంచి రాగానే ఆకలేస్తే చిప్సు పొట్లాలు చించుకు తింటున్నామని మొన్న ఫోన్లో అన్నారు. అప్పట్నించీ నాకు అదే బెంగ. అమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర. పొద్దుటి అన్నం ఫ్రిజ్‌లో ఉంటుంది, నాలుగు కూరగాయలుంటాయి. పది నిమిషాల్లో మసాలా అన్నం వేపుకోవడానికి అవి చాలు. చిన్నీ, నువ్వు పదో తరగతికొచ్చావు, పొయ్యి దగ్గర నువ్వుండు. తమ్ముడు కూరగాయలు కడిగి తరిగిస్తాడు.

ముందు అన్నం సంగతి. వేడన్నంతో ఈ పని చెయ్యకండి. వేడి మీద మెతుకు తడితడిగా ఉంటుంది, గరిటె తగిలితే నలిగి ముద్దవుతుంది. చల్లారితే అందులోని గంజి గట్టిపడి మెతుకు బిరుసెక్కుతుంది. మనం వండే సాంబ మసూరి సన్న గింజ కాబట్టి మరీ తొందరగా నలుగుతుంది. అందుకని చేతికి నూనె రాసుకుని ఉండలన్నీ వేళ్ళతోనే విడదీయండి.

పొద్దుట్నించీ గట్టు మీదే ఉండిపోయిన అన్నం మాత్రం ముట్టుకోకండి. బియ్యంలో ఒక రకం సూక్ష్మజీవుల బీజాలుంటాయి, ఉడికించినా చావవు. వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మీ అమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం, మధ్యాహ్నపు అన్నం రాత్రికి వేపి పెట్టాను. రాత్రంతా వాంతులు చేసుకుంది. తప్పు నాదే, ఇప్పటికీ గుర్తొస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాబట్టి మిగిలిన అన్నం వెడల్పు పళ్ళెంలో పరిచి, ఆరగానే, గంటలోపే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టమని అమ్మకు చెప్పండి. మరి తాతయ్య చద్దన్నం తినేవారుగా అని అడుగుతారేమో. అది మజ్జిగ పోసి పులియబెట్టింది, దాని దారి వేరు.

కూరగాయలు క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్, గుప్పెడు బఠాణీ. అన్నీ బఠాణీ గింజంత ముక్కలుగా తరగాలి. అప్పుడే ఒకేసారి ఉడుకుతాయి.

బాండీలో రెండు చెంచాల నూనె కాగాక జీలకర్ర, రెండు లవంగాలు, చిటికెన వేలి గోరంత దాల్చిన చెక్క వెయ్యండి. జీలకర్ర చిటపటలాడగానే పచ్చిమిర్చి చీలికలు, ఉల్లిపాయ. ఉల్లి అంచులు ఎర్రబడ్డాక అర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద. పచ్చివాసన పోయాక క్యారెట్, బీన్స్, బఠాణీ వేసి మంట పెద్దది చెయ్యండి. ఇక్కడ చెవి పెట్టి వినాలి. చుయ్‌మన్న చప్పుడు వస్తున్నంతసేపూ ముక్కలు వేగుతున్నట్టు. అది ఆగిపోతే నీరూరుతున్నట్టు. ముక్కలు ఎక్కువైతే అలా అవుతుంది, అందుకే ఇద్దరికి సరిపడా మాత్రమే వెయ్యండి. మూత పెట్టకండి, నీళ్ళు చిలకరించకండి. క్యాప్సికమ్ చివర్లో, ఒక్క నిమిషం చాలు.

ఇప్పుడు పసుపు, ఉప్పు, ఒకటిన్నర చెంచా మసాలా పొడి. ముందు ముక్కలకు పట్టించి, ఆపైన రెండు గ్లాసుల అన్నం వెయ్యండి. గరిటె అంచుతో అడుగు నుంచి పైకి తిప్పాలి, నొక్కకూడదు. మెతుకులు వేడెక్కి, ఒక్కొక్కటి ఎగిరి పడుతుంటే అయినట్టే. పొయ్యి కట్టేశాక కొత్తిమీర, అరచెక్క నిమ్మరసం. పక్కన పెరుగులో ఉల్లిముక్కలు, చిటికెడు ఉప్పు. చిన్నీ, బాండీ పిడి ఎప్పుడూ గోడ వైపు ఉండాలి, చున్నీ తీసి పక్కన పెట్టు.

ఆ పొడి నేనే కొట్టాను. ఆరు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, ఎనిమిది ఎండుమిర్చి, నాలుగు లవంగాలు, రెండు యాలకులు, సన్న మంట మీద విడివిడిగా వేయించాను. ఆదివారం మామయ్య వస్తున్నాడు, సీసా ఇచ్చి పంపుతున్నాను. తడి చెంచా పెట్టకండి.

మీ అమ్మమ్మ