'పేషెంటు తాలూకా ఎవరమ్మా?' – ఫ్యామిలీ నర్సింగ్‌పై అపోహలు, వాస్తవాలు

వైజాగ్‌లో ఏ వార్డులో నిలబడ్డా గంటకు పదిసార్లు వినిపించే కేక ఒకటుంది: "ఫలానా పేషెంటు తాలూకా ఎవరమ్మా?" మందులు తేవాలన్నా, సంతకం పెట్టాలన్నా, రక్తం కావాలన్నా ఆ తాలూకా మనిషే దిక్కు. పనయ్యాక "బయట కూర్చోండి" అంటాం. స్టాఫ్ నర్సుగా నేనూ ఏళ్ళ తరబడి అలాగే అరిచాను. ఫ్యామిలీ నర్సింగ్ (పేషెంటుతో పాటు ఇంట్లోవాళ్ళనూ వైద్యంలో కలుపుకునే పద్ధతి) అనగానే మా డ్యూటీ రూములో వినిపించే మాటలు కొన్నున్నాయి. వాటి సంగతే ఇది.

అపోహ: మన దగ్గర చుట్టాలు ఎప్పుడూ పక్కనే ఉంటారు. కొత్తగా నేర్చుకునేదేముంది?

మంచం పక్కన చాప వేసుకుని పడుకునేవాళ్ళకు మనకు లోటు లేదు, నిజమే. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి వచ్చినవాళ్ళు వారాలకు వారాలు వరండాలోనే గడిపేస్తారు. కానీ పక్కన ఉండటం వేరు, వైద్యంలో వాళ్ళకు చోటివ్వడం వేరు. ఈ తేడా నాకు తెలిసొచ్చింది నా తప్పు వల్లే.

షుగరుతో చేరిన ఒక పెద్దాయన. డిశ్చార్జి రోజు ఆయన కొడుకుని పిలిచి ఇన్సులిన్ సంగతంతా విడమరిచి చెప్పాను. సీసా మీద 100 (ఒక ఎంఎల్‌కు 100 యూనిట్లు) అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి, 40 అని ఉంటే ఎర్ర మూతది, మార్చితే ప్రమాదం అని. అతను బుద్ధిగా తలూపాడు. నేను కేస్ షీటులో 'హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చాం' అని రాసేశాను. పన్నెండో రోజు రాత్రి పెద్దాయన ఒళ్ళంతా చెమటలతో, మాట తడబడుతూ మళ్ళీ వచ్చారు. షుగర్ 38కి పడిపోయింది. ఇంట్లో సూది వేసేది కొడుకు కాదు, కోడలు. అతనికి గాజువాకలో షిఫ్టు పని. సిరంజీలు అయిపోతే వీధి చివర షాపులో ఎర్ర మూతవి ఇచ్చారట. 100 సీసా, 40 సిరంజి. 10 యూనిట్లు అనుకుని వేసింది 25. నేను కొడుక్కి పాఠం చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి క్యారియర్ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. మామగారి ముందుకు రాదు. నేనూ రమ్మనలేదు.

ఇప్పుడు మొదట అడిగేది "ఇంట్లో ఈ పని ఎవరు చేస్తారు?" అనే. అడుగుతూ ఓ కాగితం మీద గీస్తాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళ గుర్తు మీద ఇంటూ మార్కు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ చుట్టూ ఒక గీత. దీన్ని జీనోగ్రామ్ అంటారు. కెనడాలో లోరైన్ రైట్, మౌరీన్ లీహీ అనే నర్సింగ్ నిపుణులు 1984లో పుస్తకంగా తెచ్చిన, కుటుంబాన్ని అర్థం చేసుకునే కాల్గరీ నమూనాలో ఇది ముఖ్యమైన పనిముట్టు. మన బామ్మలు చుట్టరికాలు వరసపెట్టి చెప్పినట్టే. కాకపోతే ఇక్కడ ఎవరు ఎవరి బావ అన్నదాని కంటే రాత్రి ఎవరు మేలుకుంటారన్నది ముఖ్యం.

అపోహ: ఇది నర్సుల పని బంధువుల మీదికి తోసే ఎత్తు.

ఈ అనుమానం ఊరికే రాలేదు. ముప్పై మంచాలకు ఇద్దరం ఉన్న రోజున బెడ్‌పాన్ ఎవరి చేతికి పోతుందో అందరికీ తెలుసు. కానీ అది సిబ్బంది కొరత, దానికి ఫ్యామిలీ నర్సింగ్ అని పేరు పెట్టకూడదు.

పరిశోధన కూడా ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడింది. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇంట్లోవాళ్ళతోనే వ్యాయామాలు చేయిస్తే ఎలా ఉంటుందో మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1250 మంది మీద చూశారు. అటెండ్ అనే ఈ అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లోగానీ, ఇంకొకరి మీద ఆధారపడటంలోగానీ మామూలు వైద్యానికీ దీనికీ తేడా లేదు. అంటే ఇంట్లోవాళ్ళకు నేర్పేశాం కదా అని ఫిజియోథెరపీ మానేయడానికి ఆధారం లేదు. ఫ్యామిలీ నర్సింగ్‌ను ఇష్టపడే నాలాంటివాళ్ళు ఈ ఫలితాన్ని దాచకుండా చెప్పాలి.

అపోహ: ఇది ఫారిన్ వ్యవహారం. పైగా ఇంట్లోవాళ్ళను లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్లు.

పేరు పెట్టి ముందుకు నడిపింది బయటి దేశాలే. 1988లో కాల్గరీలో మొదటి అంతర్జాతీయ సదస్సు, 1995లో ప్రత్యేక జర్నల్, 2009లో అంతర్జాతీయ సంఘం. ఐస్‌లాండ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి దీన్ని అన్ని విభాగాల్లోకీ తెచ్చింది. కానీ బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచే కంగారూ మదర్ కేర్ పుట్టింది 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక. డబ్బున్న దేశాలు తర్వాత నేర్చుకున్నాయి.

ఇన్ఫెక్షన్ భయానికి జవాబు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాలుపంచుకున్న అధ్యయనంలో ఉంది. అయిదు దేశాల్లో, పుట్టిన వెంటనే బరువు తక్కువ పిల్లల్ని తల్లి గుండెకు ఆనించి ఉంచారు. తల్లులూ పిల్లల ఐసీయూలోనే ఉన్నారు. 28 రోజుల్లోపు మరణాలు దాదాపు 25 శాతం తగ్గాయి. ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులు పెరగలేదు సరికదా, తగ్గాయి. 2021లో వచ్చిన ఫలితాలివి. అంతకు ముందే, 2017లో, తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి నేర్పి నవజాత శిశువుల యూనిట్లలోకి రానివ్వాలని మన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలిచ్చింది.

అపోహ: కుటుంబమంటే భార్యాపిల్లలు.

ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన ఒకాయనకు ఎవరూ లేరని రాసుకున్నాం. సాయంత్రానికి ఆయన బోటువాళ్ళు అయిదుగురు వచ్చారు, కంచం, దుప్పటి, ఫోన్ ఛార్జరుతో సహా. ఎవరిని తన మనిషి అంటే వాళ్ళే కుటుంబం.

అపోహ: అంత టైమెక్కడిది?

రైట్, లీహీలే 1999లో పదిహేను నిమిషాల్లోపు మాట్లాడే పద్ధతి రాశారు: పేరు పెట్టి పలకరించడం, జీనోగ్రామ్, కొన్ని ప్రశ్నలు, వాళ్ళు బాగా చేస్తున్నదాన్ని గుర్తించి చెప్పడం. ఐవీ (సెలైన్) పెడుతూ కూడా చేయొచ్చు. రైట్ నేర్పే ప్రశ్న ఒకటి నాకు బాగా అచ్చొచ్చింది: ఒక్క ప్రశ్నకే జవాబు దొరుకుతుందంటే ఏది అడుగుతారు?

ముక్కులో గొట్టంతో ఉన్న ఒక పక్షవాతం పేషెంటు భార్యను ఇలాగే అడిగాను. రోగం నయమవుతుందా అంటుందనుకున్నా. "రాత్రిపూట నేను పడుకోవచ్చా సిస్టరమ్మా?" అంది.

తొమ్మిది రోజులుగా ఆమెకు నిద్ర లేదు. కన్ను మూస్తే ఆయన గొట్టం పీకేసుకుంటాడని భయం. మేం రోజూ రౌండ్లలో "ఎంత బాగా చూసుకుంటోందో" అని మెచ్చుకుంటూ వెళ్ళాం. కాగితం మీద గీస్తే ఆమె తమ్ముడి కొడుకు తేలాడు. పూర్ణా మార్కెట్‌లో మూటలు మోస్తాడు, తెల్లారి నాలుగింటికి పనిలో ఉండాలి. తొమ్మిది నుంచి మూడున్నర దాకా తను ఉంటానన్నాడు. గొట్టం మీద గుర్తు ఎక్కడుండాలో, తలవైపు మంచం ఎంత ఎత్తాలో, రెండు గంటలకోసారి ఎలా ఒత్తిగిలించాలో చూపించడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

మొదటి రాత్రి మూడున్నరకు అతను అత్తను లేపలేదు. నా టేబుల్ దగ్గరకొచ్చి, "కాస్త చూస్తుండండి అమ్మా, పడుకుంది" అని చెప్పి వెళ్ళాడు.