నీళ్లు ఆరగానే పోయే మెరుపు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉదయం పూట కార్లు కడుగుతున్నప్పుడు ఒక సంగతిని ఎవరైనా గమనించవచ్చు. నాలుగైదేళ్లు ఎండలో తిరిగి వెలిసినట్లు కనిపించే నల్లటి బానెట్ మీద నీళ్లు పడగానే, షోరూము నుంచి తెచ్చిన నాటి నిగారింపు తిరిగి వస్తుంది. ఆరిన కాసేపటికే మళ్లీ బూడిద కమ్మినట్లవుతుంది. రంగే పోయి ఉంటే నీళ్లు దానిని వెనక్కు తేలేవు. కాబట్టి లోపం రంగులో లేదు, రంగును కప్పి ఉన్న పొర పైభాగంలో ఉంది.

ఇప్పటి కార్లలో ఉక్కు రేకు మీద తుప్పును అడ్డుకునే పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ నాలుగూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. మెరుపుగా మనకు తోచేది ఈ పొర నుంచి అద్దంలో మాదిరిగా తిరిగి వచ్చే వెలుగే. నిటారుగా పడే వెలుగులో అది దాదాపు 4 శాతం మాత్రమే, అయితే ఉపరితలం నునుపుగా ఉన్నంతకాలం ఆ కొద్ది వెలుగూ ఒకే క్రమంలో వెనుదిరుగుతుంది గనుక పక్కనున్న వేపచెట్టు కొమ్మలు కూడా బానెట్‌లో విడివిడిగా కనిపిస్తాయి. సన్నని గీతలు పడ్డప్పుడు ఆ వెలుగు చెదిరి అన్ని వైపులకూ పోతుంది. తెల్ల కారులో బేస్ కోటే బోలెడంత వెలుగును వెనక్కు పంపుతుంది గనుక ఈ చెదురు వెలుగు అందులో కలిసిపోతుంది. నల్ల కారులో దానిని దాచేది ఏదీ లేదు.

గాలికీ క్లియర్ కోట్‌కూ మధ్య వక్రీభవన గుణకంలో, అంటే వెలుగును ఎంత వంచుతుందో తెలిపే అంకెలో, తేడా ఎక్కువ. క్లియర్ కోట్‌ది సుమారు 1.5, నీటిది 1.33. నీళ్లు గీతల్లో నిండినప్పుడు ఆ తేడా తగ్గి గీతలు కంటికి ఆనకుండా పోతాయి, పైన నీటి పొర నునుపైన కొత్త ఉపరితలమవుతుంది. నగరంలోని గ్రానైట్ దుకాణాల్లో ఇదే కనిపిస్తుంది: ఒకే పలకకు పాలిష్ పట్టిన ముఖం కాటుకలా ఉంటుంది, గరుకు అంచు బూడిదరంగులో ఉంటుంది, ఆ అంచును తడిపితే అదీ నల్లబడుతుంది. కుతుబ్ షాహీ సమాధుల్లోని నల్లరాతి శిలల మెరుపు కూడా పైపూత వల్ల వచ్చినది కాదు, రాతినే అరగదీసి తెచ్చినది.

ఇంత మెరిసే రాయే మన కార్లకు శత్రువు కావడం విచిత్రం. ఇక్కడి గ్రానైట్ శిథిలమై ఏర్పడే మట్టిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. కాఠిన్యపు మోస్ కొలతలో క్వార్ట్జ్‌ది 10కి 7, దాని ముందు క్లియర్ కోట్ చాలా మెత్తన. రోజూ ఒకే బకెట్ నీళ్లలో ఒకే గుడ్డను ముంచి దుమ్ము మీదే తుడిచినప్పుడు ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉన్నా, దీపం కింద చూస్తే సాలెగూడు వలయాల్లా కనిపిస్తాయి, ఎందుకంటే దీపపు ప్రతిబింబం చుట్టూ అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే వెలుగును మన కంటి వైపు మళ్లిస్తాయి. దీపాన్ని జరిపితే వలయాలూ జరుగుతాయి. దీనికి తోడు బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎండకు తెల్లటి మరకలుగా అతుక్కుంటాయి.

పాలిషింగ్ మెషిన్ ఈ గీతలను నింపదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీసి సమతలం చేస్తుంది. మెషిన్‌కు బిగించిన మెత్తని ప్యాడ్‌కు రాసే, కాంపౌండ్ అనే ముద్దలో ఎక్కువగా ఉండేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి. ముందు కాస్త ముతకది, తరువాత అతి సన్నది వాడతారు. ఒక్కోసారి పాలిష్ పట్టినప్పుడు పోయేది కొద్ది మైక్రాన్లే అయినా పోయినది తిరిగి రాదు; పైగా ఎండను ఆపే రసాయనాలు ఉన్నది ఆ పొరలోనే. అందువల్ల ఏటా ఇలా అరగదీయించడాన్ని, అంటే రబ్బింగ్ చేయించడాన్ని, నేను సమర్థించలేను.

రోటరీ మెషిన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. కోత వేగంగా ఉంటుంది, కానీ వేడి ఒకే చోట పోగవుతుంది. వేడిని త్వరగా వదలని ప్లాస్టిక్ బంపర్ మీద, పూత పలచగా ఉండే అంచుల మీద క్షణాల్లో రంగు బయటపడవచ్చు. డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే 8, 15 లేదా 21 మిల్లీమీటర్ల కక్ష్యలో ఊగుతుంది, ఇలాంటి చాలా మెషిన్లలో గట్టిగా నొక్కితే తిరగడం ఆపేస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సరైనదని నా నమ్మకం.

పని నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి; వేసవిలో ఎండలో నిలిచిన బానెట్ మీద కాంపౌండ్ పని చేయకముందే ఆరిపోతుంది. బాగా కడిగి, అతుక్కున్న మురికిని క్లే బార్ అనే బంకముద్దతో తీసి, అంచులకు టేపు అంటించి, రెండడుగుల చదరంలో ముందుగా పరీక్షించాలి. గోరుకు తగిలే గీత జోలికి పోకూడదు, దాని అడుగు దాకా అరగదీస్తే క్లియర్ కోట్ మిగలదు. పైకప్పు మీద తెల్లగా పొరలు లేస్తుంటే అక్కడ మెషిన్‌కు పనే లేదు, మళ్లీ రంగు వేయించాల్సిందే.

పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచి, దీపం పట్టి చూడాలి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు, మైనం నీళ్లలాగే గీతలను తాత్కాలికంగా నింపి దాస్తాయి. ఆల్కహాల్ వాటిని తీసేస్తుంది. ఆ తరువాత కూడా వలయాలు కనిపించకపోతేనే, పొడిగా ఉన్న ఆ బానెట్ మీది మెరుపు క్లియర్ కోట్‌ది.